‘తప్పుకోండి’ పాటలో కుర్చీ వేసిన బావ

మా బావది పరుపుల కొట్టు. పేరుకి కొట్టు, చేసేదీ కొట్టుడే. పొద్దున్నే పాత పరుపుల కుట్లు విప్పడం, ఉండలు కట్టిన దూదిని రెండు సన్నటి కర్రలతో మబ్బులా విడిపోయేదాకా బాదడం, మళ్లీ సంచిలో కూరి కుట్టేసి, ఎగుడుదిగుళ్లు లేకుండా పైనుంచి ఇంకో విడత బాదడం. కుడి కర్ర దిగేలోపు ఎడమ కర్ర లేస్తుంది. ఆ చప్పుడు వీధి చివర నుంచి విని, ఈయన చేతికి డ్రమ్ము కర్రలివ్వాలని మాకు తోచింది. దమ్మున్నవాడికే డ్రమ్ము అని నేనన్నాను. ఎవరూ నవ్వలేదు. పాతికేళ్ల పైనించీ అంటూనే ఉన్నాను, ఎవరో ఒకరు నవ్వకపోతారా అని.

అప్పటికి ఆయన ఇంకా నాకు బావ కాలేదు. ఎలా అయ్యాడన్నది ఈ కథలోనే ఉంది. అయినా వినేవాళ్లకి తికమక ఎందుకని మొదట్నుంచీ బావ అనే చెప్తాను.

మేం నలుగురం. గిటారు వాయించేవాణ్ణి లోకమంతా ఉరుము అంటుంది, వాళ్లమ్మతో సహా. తాళాల కొట్టులో కూర్చుని తాళంచెవులు కోసేవాడు. తాళం పోగొట్టుకున్నవాళ్లు వాడి దగ్గరికి వస్తారు. తాళం తప్పినవాళ్ల మీదికి వాడే వెళ్తాడు. పాడేవాడు సిటీబస్సు కండక్టరు. ఇంజను మోతని దాటుకుని ఆఖరి సీటు దాకా వెళ్లే గొంతు. వాడికి మైకు ఇవ్వడమంటే చేపకి గొడుగు పట్టడమే. ఇక బేస్ గిటారు నేను. బేస్ అంటే పునాది. లేకపోతే ఇల్లు కూలుతుంది, ఉంటే ఎవడూ చూడడు.

మేం వాయించేది రాక్. మెత్తగా, వెన్నెల్లో తడిసినట్టుండే రాక్ కాదు, గట్టిది. అందుకే ఎక్కడా గట్టిగా నాలుగు రోజులు నిలవనివ్వలేదు మమ్మల్ని. ఉరుము వాళ్ల మేడ మీది గదిలో వాయిస్తే కింద వాటాలో చంటిపిల్ల లేచింది. బస్సు డిపో షెడ్డులో వాయిస్తే డ్రైవర్లంతా ఏదో టైరు పేలిందని బయటికొచ్చారు. చివరికి బావ వాళ్ల కొట్టు. నాలుగు గోడలకీ నిలబెట్టిన పరుపులు మా చప్పుడంతా గుటుక్కున మింగేసి, వీధిలోకి తుమ్ము కూడా వదిలేవి కావు. మా పరువు కాపాడినవి ఆ పరుపులే.

ఆ కొట్టులోనే ‘తప్పుకోండి’ పాట పుట్టింది.

పాట మొదట్లో వచ్చే ఆ గిటారు ముక్క, ఇప్పుడు చిన్నపిల్లలు కూడా నోటితో వాయించే గుర్ర్-గుర్ర్-గీ, అది ఉరుము కొట్టులోని తాళంచెవులు కోసే మిషను చేసే చప్పుడు. ఇనుప చక్రం చెవిని రెండుసార్లు కొరికి, మూడోసారి పక్కకి జారుతుంది. రోజూ వినీ వినీ వాడి వేళ్లకి అదే వచ్చేసింది. మాటలు కండక్టరువి. కవిత్వం అని వాడు కూర్చోలేదు, అసలు ఆ ఉద్యోగంలో కూర్చోవడమే లేదు. రోజంతా అరిచేదే తీసుకొచ్చి మైకులో అరిచాడు.

“తప్పుకోండి, తప్పుకోండి, దారిలో నిలబడొద్దు, బండ దొర్లుతోంది, ముందుకు జరగండి.”

“బస్సులో బండ ఎక్కణ్ణుంచి వచ్చింది?” అని అడిగాడు ఉరుము.

“నువ్వు రాక్ అన్నావు కదా, అందుకని రాయి పెట్టాను” అన్నాడు కండక్టరు.

పల్లవి, రెండు చరణాలు, ఆ తర్వాత ఉరుము ఒక్కడే వాయించే సోలో, మళ్లీ ఆఖరి పల్లవి. అదీ లెక్క. ఆ సోలో మీద వాడు పడ్డ పాట్లు పాటకంతటికీ పడలేదు. తాళంచెవి కోస్తూ మధ్యలో ఆపి, గాల్లో వేళ్లాడించి, ‘ఆ, ఇలా దిగాలి’ అనుకునేవాడు. అవతల మనిషి తన తలుపు తెరుచుకుంటుందో లేదోనని బెంగపడేవాడు. సోలో అని ఎందుకంటారో వాడు వాయిస్తుంటే నాకు తెలిసింది, సోలిపోయేదాకా వదిలేవాడు కాదు.

రికార్డింగుకి కండక్టరు వాళ్ల పెదనాన్నగారి టేప్‌రికార్డరు దొరికింది, రేడియో కూడా ఉన్నది. సాయంత్రం వార్తలవేళకి ఆయన ఒళ్లో ఉండాలన్న షరతు మీద. క్యాసెట్టు ఒక్కటే. మొదటిసారి కండక్టరుకి దూది ముక్కులోకి వెళ్లి పల్లవిలో తుమ్మాడు. ఆ తర్వాత నా తీగ తెగింది. ఆ తర్వాత అంతా బాగా వచ్చింది, కానీ టేప్‌రికార్డరు మీట నొక్కలేదు. చెరిపి, తిప్పి, మళ్లీ మొదలుపెట్టేసరికి బయట ఎండ పసుపురంగుకి వచ్చేసింది.

“ఇదే ఆఖరు” అన్నాడు ఉరుము. “మధ్యలో ఎవడన్నా ఆపాడంటే వాణ్ణి పరుపులో పెట్టి కుట్టేస్తాను.”

ఇక్కడ మీకు బావ వాళ్ల నాన్నగారి గురించి చెప్పాలి. పెద్దాయనకి కొట్టు నడపడంలో ఒకటే పట్టు. గడప మీద కాలు పడిందా, చేతిలో పని ఆగాల్సిందే. సూది దిగుతుంటే దిగుతున్నచోటే, కర్ర లేస్తుంటే లేచినచోటే. వచ్చిన మనిషిని కూర్చోబెట్టాకే మిగతా లోకం. బావ నడక నేర్చింది ఆ కొట్టులో. ఆయనకి ఇది పద్ధతి కాదు, మోకాలి మీద తడితే కాలు లేచినట్టు. పైగా పెద్దాయన కొట్టుకి సెలవు పెట్టేవారు కాదు. మేం పాట రికార్డు చేస్తున్నా సరే, తలుపు తీసే ఉండాలి.

రెండో చరణం అయిపోవచ్చింది. గిటారు గుర్రుమంటోంది, కండక్టరు లోకాన్నంతటినీ తప్పుకోమంటున్నాడు, బావ కర్రలు కనపడటం లేదు, గాలి మాత్రం కనపడుతోంది. సరిగ్గా ఆ చరణం ముగిసేచోట, ఒక చరణం గడప మీద పడింది.

బావ చేతులు గాల్లో ఆగిపోయాయి.

డ్రమ్ము ఆగితే పాట ఆగుతుంది. మెట్టు ఉందనుకుని కాలు వేస్తే లేనట్టు, మేమంతా ధబ్బుమని నిశ్శబ్దంలో పడ్డాం. ఆ నిశ్శబ్దంలో బావ, ఇంకా కర్రలు పైకెత్తుకునే, ఎంతో మర్యాదగా అన్నాడు.

“రండి, కూర్చోండి.”

వచ్చింది మా అక్క.

ఆ వేళకి నేను టైపు క్లాసులో ఉండాలి. ఇంట్లో అందరి లెక్కలోనూ ఉన్నాను కూడా. గిటారుతో సహా పక్కనున్న పరుపు వెనక్కి దూరాను. అక్క మాత్రం మా నాన్న మెడనొప్పికి తలగడ కొనడానికి వచ్చింది. బావ వేసిన కుర్చీలో కూర్చుంది.

“గట్టి తలగడ ఉందా అండీ?” అని అడిగింది.

క్యాసెట్టు తిరుగుతూనే ఉంది. ఉరుము మొహం చూస్తే తాళంచెవి లోపల విరిగిన తాళంలా ఉంది. సోలో వాయించాల్సిన చోటు కళ్లముందే దాటిపోతోంది, టేపు అయిపోవస్తోంది. ఇక సోలో లేదు ఏమీ లేదని, ఉన్న కోపమంతా తీగల మీద ఒక్క దెబ్బ వేశాడు. ఆ దెబ్బకి కండక్టరు ఉలిక్కిపడి ఆఖరి పల్లవి అందుకున్నాడు, పెదనాన్నగారు గుర్తొచ్చినట్టుంది, అంత భయంగా అంత గట్టిగా వాడు మళ్లీ ఎప్పుడూ పాడలేదు. బావ ఎడమచేత్తో అక్కకి తలగడ అందిస్తూ, కుడిచేత్తో డ్రమ్ము వాయించాడు. నేను పరుపు వెనకనుంచి బయటికి రాలేదు గనక అక్కణ్ణుంచి బేస్ లేనేలేదు.

ఆ ఒంటిచేతి దరువు గురించీ, ఆ బేస్ లేకపోవడం గురించీ సంగీతం తెలిసినవాళ్లు ఈనాటికీ రాస్తుంటారు. ‘ఎంత సాహసం’ అని. సాహసమే. పరుపు వెనక ఊపిరాడలేదు.

పాట అయ్యాక అక్క లేచి, తలగడ చంకలో పెట్టుకుని, పరుపు అంచు కొద్దిగా పక్కకి లాగింది.

“టైపు క్లాసు ఇక్కడికి మార్చారా?” అంది.

తలగడ మర్నాడు వెనక్కి వచ్చింది, ఇంకా గట్టిగా కావాలని. బావ ఇంకాస్త దూది కూరాడు. మళ్లీ వచ్చింది, మరీ గట్టిదైందని. తీశాడు. మా నాన్న మెడ ఆ ఏడాదంతా ఆ తలగడతో పాటు పైకీ కిందకీ అయింది. చివరికి తలగడ కుదిరేసరికి వాళ్లిద్దరికీ కుదిరింది. రాక్ అంటే ఏమిటో నాకు ఆ పెళ్లిలో అర్థమైంది. అది ఎవరిదో ఒకరి రాక.

పాట సంగతి మేం మర్చిపోయాం. తప్పు పడిన పాట కదా, ఎవరికి వినిపిస్తాం? ‘తప్పుకోండి’లో తప్పు ఉండకూడదా అన్నాను నేను. ఉరుము నాతో కొన్నాళ్లు మాట్లాడలేదు. కానీ పరుపులు వేసుకెళ్లే వ్యాను డ్రైవరు ఆ క్యాసెట్టు తీసుకెళ్లి బండిలో పెట్టుకున్నాడు. ఇంటింటికీ పరుపులు దింపుతూ, ఇంటింటికీ పాట కూడా దింపాడు. ఒకరు కాపీ చేసుకున్నారు. వాళ్ల దగ్గర ఇంకొకరు. ఒక రేడియోవాళ్లు వేశారు. ఏదో ఆటల పోటీలో వాన కురిసి ఆట ఆగితే, ఊరికే ఉండటం ఎందుకని మైదానంలో పెద్ద స్పీకర్లలో వేశారు. పాట మధ్యలో ఆగింది, “రండి, కూర్చోండి” అని వినపడింది, తడిసి ముద్దై నిలబడ్డ జనమంతా ఫక్కున నవ్వి కూర్చున్నారట. మరుసటి ఆటకి జనమే బావ కంటే ముందు అరిచారు.

ఆ తర్వాత ఇక అంతే. వ్యాయామశాలలో బరువులెత్తేవాళ్లు ఆ మాట దగ్గర బరువు దించుతారు. పళ్ల డాక్టరు ఒకాయన తన కుర్చీ దగ్గర ఆ ముక్క ఒక్కటే పెట్టుకున్నాడు. కాలేజీ క్లాసులో మాస్టారు అడుగుపెట్టగానే వెనక బెంచీ నుంచి ఎవరో ఒకరు అంటారు, మాస్టారు కూడా కుర్చీ లాక్కుంటూ ‘గుర్ర్-గుర్ర్-గీ’ అంటారు. మేం పాడినప్పుడు పుట్టనివాళ్లు ఆ పాట వేసుకుని బట్టలు ఉతుకుతున్నారు, పరీక్షలకి చదువుతున్నారు, ప్రేమలో దెబ్బతిని మంచమెక్కుతున్నారు. ఆ మంచం మీద పరుపు మా బావ కుట్టిందే అయినా ఆశ్చర్యం లేదు.

ఎందుకింత పిచ్చి అని నన్ను చాలామంది అడిగారు. నాకు తోచింది ఇది. పొద్దున లేస్తే మనిషిని అందరూ తప్పుకోమనేవాళ్లే. బస్సులో, ఆఫీసులో, ఇంట్లో టీవీ ముందు. ఈ పాటా అదే అంటుంది, అందరికంటే గట్టిగా, చెవులు పగిలేలా. అంతలో మధ్యలో ఆగి, మనకి కుర్చీ వేస్తుంది. అంత అరిచే రాక్షసుడు మనం రాగానే లేచి నిలబడితే, వాణ్ణి జన్మలో వదులుతామా?

ఉరుముకి మాత్రం ఆ పాట వింటే కడుపు మండుతుంది. వాడు చేసిన సోలో లోకంలో ఒక్కరూ వినలేదు. వాడి కళాఖండం ఉండాల్సిన చోట ఒక కుర్చీ ఉంది. ఎక్కడికి వెళ్లినా జనం వాణ్ణి చూసి “రండి, కూర్చోండి” అంటారు. వాడు అందుకే ఎక్కడా కూర్చోడు, నిలబడే కాఫీ తాగి వచ్చేస్తాడు.

ఈ ఏడాది మమ్మల్ని నలుగుర్నీ మళ్లీ కలిపి, పెద్ద హాల్లో ఆ పాట వాయించమని అడిగారు. ఉరుము పరుపుల కొట్టుకి వచ్చాడు. అప్పుడు నేనూ, అక్కా అక్కడే ఉన్నాం. బావ పరుపు కుడుతున్నాడు. వాడు గడప మీద కాలు పెట్టగానే సూది ఆగింది.

“రా, కూర్చో” అన్నాడు బావ.

“ఆ మాట నాతో అనకు” అన్నాడు ఉరుము, నిలబడే. ఎడమచేతి వేళ్లు చాచి చూపించాడు. ఇన్నేళ్లు చెవులు కోసీ కోసీ ఆ వేళ్లు కొయ్యబారాయి. ఉంగరపు వేలు సగానికి మించి ముడుచుకోదు. “డాక్టరు ఇక గిటారు మానెయ్యమన్నాడు. ఇదే నాకు ఆఖరు వాయింపు. ఒరేయ్ దూదీ, ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆ పాట నేను చేసినట్టు వాయించాలి. మధ్యలో ఆపకు. ఎవడొచ్చినా సరే. నా సోలో నన్ను వాయించుకోనీ.”

బావ ఆగిన సూదిని పరుపులోంచి లాగి పక్కన గుచ్చాడు. ఆ ఆగడం ఆయనకీ ఇన్నేళ్లుగా గుచ్చుకుంటూనే ఉంది. లోకమంతా మెచ్చుకున్న తప్పు కదా, దిద్దుకోవడానికి కూడా వీల్లేకుండా పోయింది.

“ఆపను” అన్నాడు. “మాటిస్తున్నాను.”

ఉరుము వెళ్లిపోయాక అక్క చేతిలో కత్తెర బల్ల మీద పెట్టింది. పెట్టిన చప్పుడుకే నేను పరుపు కోసం వెతుక్కున్నాను.

“అయితే అది తప్పన్నమాట” అంది.

“నేనలా అన్లేదు” అన్నాడు బావ.

“అనక్కర్లేదు, దిద్దుతానన్నారుగా. నేను ఆ గడప తొక్కడం తప్పు. మీరు కుర్చీ వెయ్యడం తప్పు. ఆ తలగడ తప్పు. ఆ తర్వాత మనకి జరిగిందంతా ఆ తప్పులోంచే వచ్చింది. పిల్లలతో సహా.”

“పాటకీ పిల్లలకీ ఏం సంబంధం?”

“నాకదే సంబంధం. మన సంబంధం కుదిర్చింది మా నాన్నా కాదు, మీ నాన్నా కాదు. ఆ ఆగడమే.” అక్క దారం తెంపింది. “మీరు మాటిచ్చారు, నిలబెట్టుకోండి. నేను మాత్రం రాను. కొట్టు తెరిచి కూర్చుంటాను. ఇక్కడన్నా ఎవరో ఒకరు వచ్చినవాళ్లని పలకరించాలిగా.”

“వదినకి చెప్పరా” అన్నాడు బావ నా వంక తిరిగి. ఆమె నాకు అక్క అన్న సంగతి కూడా మర్చిపోయేంత కంగారులో ఉన్నాడు. నేనేం చెప్తాను? అటు మాట, ఇటు మనిషి. నేను బేస్ వాయించేవాణ్ణి. మధ్యలో ఉండి ఎవరికీ వినపడకపోవడం నా వృత్తి.

హాలు కిక్కిరిసింది. సాయంత్రం ఎండ ఇంకా పోలేదు, పక్క తలుపు తీసినప్పుడల్లా పొడుగాటి వెలుగు లోపలికొచ్చి వెళ్తోంది. తాతలొచ్చారు, మనవలొచ్చారు. ఒకావిడ వంటింటి పీట తెచ్చుకుంది, ఆ మాట దగ్గర కూర్చోవడానికట. స్టేజీ వెనకాల కండక్టరు నీళ్లు పుక్కిలిస్తున్నాడు. ఉరుము వేళ్లు వేడినీళ్లలో ముంచి తీస్తున్నాడు. బావ కర్రలు తుడుస్తున్నాడు.

“అక్క ఫోన్ చేసిందా?” అన్నాడు నాతో.

“లేదు బావా.”

“కొట్టుకి ఎవరన్నా వచ్చుంటారు” అన్నాడు తనలో తనే.

స్టేజీ ఎక్కాక ఒక చిత్రం చూశాను. బావ డ్రమ్ములన్నీ పక్కకి తిప్పించుకున్నాడు. హాలు తలుపు కనపడకుండా. పని జరుగుతుండగా మనిషి రావడం కంటపడితే చేతులు తన మాట వినవని ఆయనకి తెలుసు.

గుర్ర్-గుర్ర్-గీ.

ఆ మూడు ముక్కలకే హాలు పైకప్పు లేచింది. కండక్టరు గొంతులో కాస్త తుప్పు చేరింది, ఆ తుప్పు కూడా బాగుంది. పాత బస్సుకి చప్పుడే అందం. జనం కుర్చీలెక్కేశారు. తాతలు తల ఊపుతున్నారు, జుట్టు లేని తలలు గనక ఎవరి కళ్లలోనూ పడటం లేదు. నేనూ ఊపాను. ఊపినంతసేపూ బాగుంది, ఆపడమే కష్టమైంది. మొదటి చరణం దాటింది. రెండోది అందుకున్నాం. ఇక వచ్చేస్తోంది, ఆ చోటు. జనం అందరూ గుండెల నిండా ఊపిరి పీల్చుకోవడం నాకు వినపడింది. సముద్రం వెనక్కి తగ్గినట్టు.

“రండి, కూర్చోండి” అంది హాలంతా, ఒకే గొంతుతో. అని ఆగింది, ఎప్పట్లాగే, ఆ నిశ్శబ్దం కోసం.

బావ ఆగలేదు. తల దించుకుని, పళ్లు బిగించి, మాట నిలబెట్టుకుంటూ బాదుతున్నాడు. ఉరుము సోలో మొదలుపెట్టాడు.

అది నిలబడలేదు. జనానికి ఏం జరుగుతోందో తెలియలేదు. పాట చెడిపోయిందనుకుని కొందరు పాపం సాయంగా మళ్లీ “రండి, కూర్చోండి” అన్నారు. ఇంకొందరు వాళ్లని ఉష్ అన్నారు. ఆ ఉష్‌లకి ఇంకొందరు ఉష్ అన్నారు. పీట తెచ్చుకున్నావిడ కూర్చుని, ఎవరూ కూర్చోలేదని మళ్లీ లేచింది. ఆ గోలలో, బావ దరువు కింద, ఉరుము వేళ్లు పరిగెత్తబోయి ఒకదాన్నొకటి తొక్కుకున్నాయి. వాడు పాతికేళ్లుగా దాచుకున్నది రద్దీ బస్సులో పడిపోయిన చిల్లరలా చెల్లాచెదురవుతోంది. వాడి మొహం నేను చూడలేకపోయాను.

అప్పుడు తెరుచుకుంది తలుపు. హాలు తలుపు కాదు. స్టేజీ పక్కనున్న చిన్న తలుపు, బావ తిప్పించుకున్న డ్రమ్ములకి సరిగ్గా ఎదురుగా ఉన్నది. పొడుగాటి ఎండ స్టేజీ మీద పడింది. ఆ ఎండలో చెప్పులు వేసుకున్న పాదం ఒకటి గడప దాటింది.

బావ చేతులు గాల్లో ఆగిపోయాయి.

డ్రమ్ము ఆగింది. గిటారు ఆగింది. జనం ఆగారు. చంకలో తలగడ పెట్టుకుని నిలబడింది మా అక్క.

బావ గొంతు మైకులోకి వచ్చింది. ఆయన మైకుతో మాట్లాడటం లేదు.

“రండి” అన్నాడు. పెళ్లయ్యాక అక్కని ‘రండి’ అనడం నేను వినలేదు. “కూర్చోండి.”

“గట్టిది నేనే తెచ్చుకున్నాను” అంది అక్క. తలగడ స్టేజీ అంచున, బావ డ్రమ్ముల పక్కనే వేసుకుని, కాళ్లు కిందికి జారవిడిచి కూర్చుంది.

అక్క కూర్చోవడం చూసి పీట ఆవిడ కూర్చుంది. ఆమె వెనక వరుస కూర్చుంది. కుర్చీలెక్కినవాళ్లు దిగి కూర్చున్నారు. ఇంకా నిలబడ్డవాళ్లని చూసి కండక్టరుకి వృత్తిధర్మం పొంగింది.

“ముందున్నవాళ్లు కూర్చోవాలి, వెనకవాళ్లకి కనపట్లేదు. ఆ గళ్లచొక్కాయనా, మిమ్మల్నే, సర్దుకోండి.”

గళ్లచొక్కా సర్దుకుంది. హాలంతా కూర్చుంది. ఆ పాట పుట్టాక మొదటిసారి, దాని మధ్యలో అంత పెద్ద నిశ్శబ్దం, ఎవరూ దాన్ని ఆఖరి పల్లవితో పగలగొట్టకుండా అలాగే ఉంది. పరుపులు నిలబెట్టిన గదిలా.

బావ కర్రలు ఒళ్లో పెట్టుకున్నాడు. ఉరుము వైపు తిరిగాడు.

“మాట తప్పాను” అన్నాడు. “కానీ అందరూ కూర్చున్నారు. ఇక నువ్వు కానీ.”

ఉరుము జనం వంక చూశాడు. వాడి సోలో వినడానికి అంతమంది చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఎవరూ ఏమీ అరవలేదు. వాడు ఒక కుర్చీ లాక్కున్నాడు. కూర్చున్నాడు.

వాయించాడు. వాడు చేసుకున్నంత వేగంగా కాదు. ఆ ముడుచుకోని వేలు ఒక్కో స్వరం దగ్గర ఆగి, వెతుక్కుని, దొరకబుచ్చుకుని వెళ్లింది. తాళంచెవిని చీకట్లో తాళంలోకి పెట్టినట్టు, తగిలించి, తిప్పి, కాదని తీసి, మళ్లీ పెట్టి. పాతికేళ్ల కిందట వాడు వాయించి ఉంటే అది మెరుపులా పోయేది, ఎవరికీ ఏమీ అంది ఉండేది కాదు. ఇప్పుడు ప్రతి స్వరం వెనక వరుస దాకా నడిచి వెళ్లి, కూర్చుని, మాట్లాడి వచ్చింది. చివర్లో తలుపు తెరుచుకుంది. నాకైతే చప్పుడు కూడా వినపడింది.

బావ ఎడమ చెయ్యి అక్క భుజం మీద వేసి, కుడిచేత్తో డ్రమ్ము మీద ఒక్కటిచ్చాడు. హాలంతా ఒక్క ఉదుటున లేచింది. తప్పుకోండి, తప్పుకోండి, బండ దొర్లుతోంది. తాతలు మనవల్ని ఎత్తారు, కొందరు మనవలు తాతల్ని ఎత్తారు. పీట గాల్లోకి లేచింది, మళ్లీ ఎవరి చేతిలో పడిందో ఇప్పటిదాకా తెలియదు, ఆవిడ ఇంకా వెతుకుతోంది. కండక్టరు చివరి మాటని ఎంతసేపు సాగదీశాడంటే, దిగాల్సిన స్టాపులన్నీ దాటిపోయాయి.

ఆ కేకల్లో ఉరుము బావ మీదికి వంగాడు.

“మాటిచ్చి ఆపావు కదరా దూదీ.”

“నేనాపలేదు” అన్నాడు బావ. “కొట్టుకి మనిషొచ్చింది.”

ఉరుము నవ్వాడు. అక్క వంక తిరిగి, “చెల్లెమ్మా, కాస్త ముందొచ్చుంటే ఆ మొదటిసారి వాయింపు గోల తప్పేది నాకు” అన్నాడు.

“కొట్టు మూసి రావద్దా అన్నయ్యగారూ” అంది అక్క. “తాళం పడలేదు. మీరు చేసిందే.”

ఇంతకీ ఆఖరి పల్లవిలో ఈసారి కూడా బేస్ లేదు. ఎవరూ గమనించలేదనుకున్నాను. పాట అయిపోయి, చప్పట్లు ఇంకా మోగుతుండగా, నా ముందున్న పెద్ద స్పీకరు కొద్దిగా పక్కకి జరిగింది. వెనకనుంచి వెలుగు పడింది. గిటారు గుండెకి హత్తుకుని, మోకాళ్ల మీద కూర్చున్న నన్ను మా అక్క పైనుంచి కింది దాకా చూసింది.

“ఇవాళ టైపు క్లాసు లేదా?” అంది.